పింక్ కోటు పిల్ల ఎవర్ని రెచ్చగొట్టింది?

పోయిన నెల ఇదే శీర్షికలో ఇంగ్లిష్ పాటల గాయని డువా లిపా ముంబై కచేరీ గురించి రాశాను. 2024 నవంబర్ 30న బాంద్రా కుర్లా గ్రౌండ్‌లో ఆవిడ తన పాటలో షారుఖ్ సినిమా పాటని కలిపేసరికి జనం ఊగిపోయిన సంగతి. హైదరాబాద్ నుంచి వెళ్ళిన మా ఆడపడుచు కొడుకు రెండు రోజులు గొంతు పోయి సైగలతో మాట్లాడాడు. ఆ జవాబు చివర్లో ఊరుకోక ఒక ముక్క తగిలించాను: "ఈ అమ్మాయి కంటే ముందే ఇంకో అల్బేనియన్ పిల్ల పాట నాకు అంటుకుంది, పేరు ఎరా ఇస్త్రెఫీ" అని. డువా లిపాని వదిలేసి అందరూ ఆ ముక్కనే పట్టుకున్నారు. అందుకని ఈ నెల మిగతావన్నీ పక్కన పెట్టి ఆ పిల్ల సంగతే. త్యాగరాజ కృతుల మీద అడిగినవాళ్ళు అలగకండి. మీ ఉత్తరాలు నా డైరీలోనే ఉన్నాయి.

అక్కయ్యా, మా మనవడు ఫోన్ పట్టుకుని "ఎరా, ఎరా" అంటుంటే ఎవర్ని పిలుస్తున్నాడా అనుకున్నా. చూస్తే మంచులో గులాబీరంగు బొచ్చుకోటు వేసుకుని ఒక పిల్ల ఊగుతోంది. మాట ఒక్కటీ తెలియలేదు గానీ పాట మాత్రం నోట్లోంచి పోవడం లేదు. ఎవరండీ ఈ పిల్ల?
– ఒక అమ్మమ్మ, తెనాలి

నాకూ మొదట అలాగే వినపడింది లెండి, "ఏరా" అనే. వాళ్ళ భాషలో ఎరా అంటే గాలి. మన "ఎర"తో చుట్టరికం లేకపోయినా పని మాత్రం అదే చేసింది. మీరూ నేనూ చిక్కామా లేదా?

పుట్టింది 1994 జులై 4న, యూరప్‌లో అల్బేనియా పక్కనున్న చిన్న దేశం కొసావో రాజధాని ప్రిష్టినాలో. తల్లి సుజానా గాయని, అక్క నోరా గాయని. అక్కడ వాళ్ళింటి పేరు చెబితే ఇది పాటలిల్లని అర్థం. 2013లో మొదటి పాట వదిలింది. మీరు చూసినది "బొన్‌బొన్". బొన్‌బొన్ అంటే చాక్లెట్టు బిళ్ల. 2015 డిసెంబర్ 30న, ఇంకో రోజైతే సంవత్సరం మారుతుందనగా వదిలారు. జనవరి తిరిగేసరికి దేశాలు దాటిపోయింది. రిహానాతో పోల్చినవాళ్ళున్నారు, సియాతో పోల్చినవాళ్ళున్నారు. కొన్ని నెలలకే అమెరికాలో సోనీ వాళ్ళు కాంట్రాక్టు రాయించుకున్నారు. 2016 వేసవిలో ఇంగ్లిష్‌లో కూడా పాడించారు. నన్నడిగితే ఆ ఇంగ్లిష్‌ది చప్పిడి. మొదటిదే వినండి.

నేనెక్కడ విన్నానో చెప్పాలి. మా అమ్మాయి వాళ్ళది స్విట్జర్లాండ్‌లో వింటర్‌టూర్ అనే ఊరు. మనవడు పుట్టినప్పుడు ఆరు నెలలున్నాను. అక్కడ అపార్టుమెంటు మొత్తానికి బట్టలుతికే గది ఒకటే ఉంటుంది, కింద సెల్లార్లో. ఎవరి వంతు ఏ రోజో గోడ మీద కాగితం అంటించి ఉంటుంది. ఆ వంతు తప్పితే యుద్ధమే. నాకు జర్మన్ రాదు కదా, గురువారాన్ని మంగళవారం అనుకుని బుట్ట పట్టుకుని దిగాను. లోపల కింది వాటా ఆవిడ ఉంది, నా ఈడుదే. వాషింగ్ మెషీన్ మీద ఫోన్ పెట్టి, ఈ పాట పెట్టుకుని, దుప్పటి మడతపెడుతూ నడుం కదుపుతోంది. నన్ను చూసి సిగ్గుపడి పాట ఆపేస్తుందనుకున్నా. సౌండు పెంచి, దుప్పటి రెండో కొస నా చేతికిచ్చింది. ఆ పాట అయ్యేలోపు ఇద్దరం మూడు దుప్పట్లు మడిచాం.

ఆవిడది ప్రిష్టినా. ఎరాని గురించి, వాళ్ళ దేశం గురించి నాకు మొదట చెప్పింది ఆవిడే. ఆ తర్వాతే నేను కూర్చుని చదువుకున్నాను.

మేడమ్, మీరు పొగిడిన అమ్మాయి "రెచ్చగొట్టే గాయని" అని, చర్చిలో అసభ్యంగా వీడియో తీసిందని చదివాను. అలాంటివాళ్ళకి మీ శీర్షికలో చోటెందుకు?
– రిటైర్డ్ హెడ్మాస్టరు, రాజమహేంద్రవరం

మాస్టారూ, "రెచ్చగొట్టే" అన్న మాట పక్కన "ఎవర్ని" అన్న మాట లేకపోతే నాకు వాక్యం పూర్తయినట్టుండదు. మీరు వ్యాకరణం చెప్పినవారు, కర్మ లేని సకర్మక క్రియ అనండి పోనీ.

వీడియో సంగతి నిజమే. 2014లో "ఎ దెహున్" అనే పాట. మత్తెక్కిన ఆడమనిషి అని అర్థం. దాన్ని ప్రిష్టినాలో సగంలో ఆగిపోయిన ఒక సెర్బియన్ ఆర్థడాక్స్ చర్చిలో తీశారు. సెర్బియన్ చర్చి వాళ్ళు గట్టిగా అభ్యంతరం చెప్పారు. పవిత్రస్థలంలో ఈ పని ఏమిటన్నారు. ఆ బాధ అర్థం చేసుకోలేనిదేం కాదు. మన ఊళ్ళో కట్టడం ఆగిపోయిన గుళ్ళో ఎవరైనా ఇలా తీస్తే మీరూ నేనూ కూడా గుడి దగ్గర ఉండేవాళ్ళమే.

అయితే ఆ కట్టడం కథ కూడా వినాలి. 1990లలో సెర్బియా నేత మిలోషెవిచ్ రోజుల్లో, ప్రిష్టినా యూనివర్సిటీ ఆవరణలో మొదలుపెట్టారు దాన్ని. కొసావో అప్పట్లో సెర్బియా ఏలుబడిలో ఉండేది, జనం మాత్రం అత్యధికం అల్బేనియన్లు. 1989లో వాళ్ళ స్వయంపాలన తీసేశారు. అల్బేనియన్ టీచర్లు, డాక్టర్లు, ఉద్యోగులు వేలమంది కొలువులు పోగొట్టుకున్నారు. పిల్లలు ఇళ్ళల్లో, గరాజుల్లో చాపలేసుకుని అల్బేనియన్‌లో చదువుకున్నారు. మా కింది వాటా ఆవిడ భర్త లెక్కల మాస్టారు. జీతం ఆగిపోయాక రెండేళ్ళు అలాగే ఇంట్లో పాఠాలు చెప్పి, 1993లో స్విట్జర్లాండ్ వచ్చి తాపీపనిలో చేరాడు. ఎవరి పిల్లల్ని యూనివర్సిటీ గదుల్లోంచి పంపేశారో, ఆ యూనివర్సిటీ స్థలంలోనే ఆ చర్చి గోడలు లేచాయి. 1999 యుద్ధంతో పని ఆగిపోయింది. గుమ్మటం మీద బంగారు శిలువ, కింద పూత లేని ఇటుక గోడలు, లోపల ఖాళీ. ఆ స్థలం ఎవరిదని యూనివర్సిటీకీ చర్చికీ కోర్టు తగాదా.

యుద్ధం ఆగేనాటికి ఎరాకి ఇంకా అయిదేళ్ళు నిండలేదు. ఆ మొండిగోడల్ని చూస్తూ పెరిగిన పిల్ల ఇరవయ్యేళ్ళకి అందులోకి వెళ్ళి మత్తు పాట పాడింది. తొందరపాటంటారా, నేనూ అంటాను. ఆ వీడియో నాకు నచ్చలేదు కూడా. కానీ "అసభ్యం" అన్న ఒక్క మాటతో తుడిచేసే సంగతి కాదిది. అక్కడ గొడవ బట్టలది కాదు మాస్టారూ, నేలది.

ఇంకో చిన్న రెచ్చగొట్టుడు ఆ పాట పేరులోనే ఉంది, బయటివాళ్ళకి తెలియదు. పుస్తకాల అల్బేనియన్‌లో అది "ఎ దెహుర్" అవ్వాలి. "దెహున్" ఉత్తరాది యాస, గెగ్ అంటారు. కొసావోలో ఇంట్లో మాట్లాడేది అదే. 1972 నవంబర్‌లో అల్బేనియా రాజధాని టిరానాలో పండితుల మహాసభ పెట్టి, దక్షిణాది తోస్క్ యాసకి దగ్గరగా ఉండే ఒక ప్రామాణిక భాష ఖాయం చేశారు. బడిలో ఆ భాష, ఇంట్లో ఈ భాష. ఎరా ఇంటి భాషలో పాడింది. ఈ బాధా ఈ సుఖమూ తెలంగాణ పాఠకులకి నేను విడమరచి చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు మాట చివర "ఉన్" అని రాస్తే టీచరు ఎర్రసిరాతో కొట్టేసేదట మా కింది వాటా ఆవిడకి. అదే "ఉన్" అంత పెద్ద అక్షరాల్లో పాట పేరుగా చూసి కడుపు నిండిందంది.

ఈ అల్బేనియన్లు చేతులు రెండూ గుండె దగ్గర అడ్డంగా పెట్టి వేళ్ళు ఆడిస్తారు, ఏమిటది?
– బి.టెక్ విద్యార్థి, వరంగల్

గద్ద. అల్బేనియా జెండా మీద ఎర్రటి నేలలో నల్లటి రెండు తలల గద్ద ఉంటుంది. మన గండభేరుండం అనుకో. బొటనవేళ్ళు మెలేస్తే రెండు తలలు, మిగతా వేళ్ళు రెక్కలు. 2018 ప్రపంచకప్‌లో సెర్బియా మీద గోల్ కొట్టి స్విస్ ఆటగాళ్ళు జాకా, షాకిరి ఇదే చూపించారు. ఇద్దరివీ కొసావో అల్బేనియన్ కుటుంబాలే. తలా పదివేల ఫ్రాంకుల జరిమానా పడింది. కింది వాటాలో ఆ రాత్రి ఏం జరిగిందో తెలుసా, జరిమానా మేం కడతామంటూ పళ్ళెంలో చిల్లర వేశారట.

కొసావోలో పుడితే అల్బేనియన్ గాయని ఎలా అవుతుంది? రెండూ వేరు దేశాలు కదా?
– ఒక లెక్చరర్, అనంతపురం

దేశాలు రెండు, భాష ఒకటే. కొసావో 2008 ఫిబ్రవరి 17న స్వతంత్ర దేశంగా ప్రకటించుకుంది. అమెరికా, బ్రిటన్ గుర్తించాయి. రష్యా గుర్తించలేదు, మన భారతదేశమూ గుర్తించలేదు. అంటే లెక్కప్రకారం ఎరా పుట్టిన దేశం మనకి లేనట్టే.

ఇది కాగితాల గొడవే కదా అనుకోకండి. కొసావో పాస్‌పోర్టుతో వీసా లేకుండా యూరప్ దేశాలు తిరిగే వీలు 2024 జనవరి 1 దాకా రాలేదు. అల్బేనియా పాస్‌పోర్టుకి ఆ సౌకర్యం 2010 చివర్లోనే వచ్చింది. 2016 నవంబర్‌లో అల్బేనియా ఎరాకి పౌరసత్వం ఇచ్చింది. దాన్ని సన్మానం అని రాశారు పత్రికల్లో. దేశదేశాలు తిరిగి పాడాల్సిన పిల్లకి శాలువా కంటే ఆ చిన్న ఎర్ర పుస్తకం ఎన్ని రెట్లు విలువైందో, అమెరికా వీసాకి చిలుకూరులో ప్రదక్షిణలు చేసిన మనవాళ్ళని అడగండి. డువా లిపాకి కూడా 2022లో ఇచ్చారు, కానీ ఆవిడ లండన్‌లో పుట్టింది, ఆవిడకది అలంకారం.

ఇంకో తమాషా. 2018 ప్రపంచకప్ అధికారిక పాట నికీ జామ్, విల్ స్మిత్‌లతో కలిసి ఎరా పాడింది. జులై 15న మాస్కోలో ఫైనల్ ముందు, లుజ్నికీ స్టేడియంలో, ముగ్గురూ కలిసి స్టేజీ ఎక్కారు. తను పుట్టిన దేశం లేదనే దేశపు రాజధానిలో, ప్రపంచమంతా చూస్తుండగా ప్రిష్టినా పిల్ల పాడింది. బొచ్చుకోటు, చర్చి వీడియో కలిపి తూచినా నాకు ఇదే బరువుగా తూగుతుంది. పాట మాత్రం అంతంతమాత్రం. ప్రపంచకప్ పాటలన్నీ అంతే, అందరికీ నచ్చాలని ఉప్పూకారం తగ్గించేస్తారు.

అల్బేనియా కమ్యూనిస్టు దేశంగా ఉండేది కదా. మా నాన్నగారి పుస్తకాల్లో ఎన్వర్ హోజా పేరు చూశాను. అప్పట్లో పాటలుండేవా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

ఉండేవి. ఏటా డిసెంబర్‌లో టిరానాలో రేడియో వాళ్ళు పాటల పండగ పెట్టేవారు, 1962లో మొదలైంది. మొదటి ఏడు గెలిచింది వాచె జేలా అనే గాయని. మనకి సుశీలమ్మ ఎంతో వాళ్ళకి ఆవిడంత. చివరి రోజులు స్విట్జర్లాండ్‌లోనే గడిపి 2014లో పోయింది.

మీరు తప్పకుండా తెలుసుకోవాల్సింది మాత్రం 1972 డిసెంబర్‌లో జరిగిన పదకొండో పండగ గురించి. అప్పటికి టీవీ వచ్చింది. డైరెక్టర్ మిహల్లాక్ లువారాసి ఇటలీ పండగల ధోరణిలో వేదికకి కొత్త సొగసు తెచ్చాడు. వ్యాఖ్యాతలు కాగితం చూసి చదవడం మానేసి సరదాగా మాట్లాడుకున్నారు. గాయకులు కొయ్యబొమ్మల్లా నిలబడకుండా కదిలారు. ఈనాటి కళ్ళకి మన పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రా కంటే పద్ధతిగానే ఉంటుంది. ఆ ఏడు గెలిచిన పాట పేరు "వసంతం వచ్చింది", పాడినవాడు టోనిన్ టర్షానా.

వసంతం ఎక్కడిది! జనవరిలోనే దేశాన్ని ఏలే ఎన్వర్ హోజా విరుచుకుపడ్డాడు, ఇది పరాయి జబ్బు, బూర్జువా తెగులు అని. 1973 జూన్‌లో పార్టీ ప్లీనం పెట్టి ఆ మాట చట్టమంత చేశాడు. లువారాసి జైలుకి వెళ్ళాడు. రేడియో టీవీ అధిపతి తోది లుబోన్యా జైలుకి వెళ్ళాడు. షెరీఫ్ మెర్దానీ అనే గాయకుడు దాదాపు 16 ఏళ్ళు జైల్లో ఉన్నాడు. పదహారేళ్ళు, పాట పాడినందుకు. మా రాజమండ్రి మాస్టారు ఈ జవాబు కూడా చదవాలని కోరిక.

తర్వాత జనం ఏం చేశారో కింది వాటా ఆవిడ కోడలు చెప్పింది. ఆ పిల్లది సముద్రం ఒడ్డున డుర్రెస్, అటు ఒడ్డు ఇటలీ. వాళ్ళ నాన్న రేకు డబ్బా కోసి, తీగలు చుట్టి, యాంటెనాకి తగిలించేవాడట. దాన్ని "కనోచె" అంటారు, డబ్బా అనే అర్థం. దాంతో ఇటలీ టీవీ వచ్చేది. పాటల పోటీ రాత్రి కర్టెన్లు దింపి, సౌండు గుసగుసంత పెట్టుకుని చూసేవారు. తెల్లారేసరికి డబ్బా బియ్యం బస్తాలో దాక్కునేది. తలుపు చప్పుడైతే వాళ్ళ నానమ్మ ముందు చూసేది బియ్యం బస్తా వైపేనట.

నవ్వుతున్నారా? 1952 ప్రాంతంలో మన కేస్కర్ మంత్రిగారు సినిమా పాటలకి ఆకాశవాణి గుమ్మం మూసేస్తే మనవాళ్ళంతా రేడియో సిలోన్‌కి తిప్పలేదూ? ఆ తర్వాత మీనాక్షి పొన్నుదురై తెలుగు గొంతు కోసం మా నాన్న మాకు అన్నం పెట్టనిచ్చేవారు కాదు, గిన్నెల చప్పుడుకి స్టేషన్ పోతుందని. అయితే మనని ఎవరూ జైల్లో వేయలేదు. ఆ తేడా చిన్నది కాదు.

రీటా ఓరా, డువా లిపా, బీబీ రెక్సా, ఏవా మ్యాక్స్... అందరూ అల్బేనియన్లేనట! ఆ నీళ్ళల్లో ఏముంది?
– ముగ్గురు స్నేహితురాళ్ళు, విశాఖపట్నం

నీళ్ళల్లో కాదమ్మాయిలూ, రైలు టిక్కెట్లలో ఉంది. రీటా ప్రిష్టినాలో పుట్టినా ఏడాది పిల్లగానే లండన్ చేరింది. డువా లండన్‌లో పుట్టింది. బీబీ న్యూయార్క్‌లో, ఏవా అమెరికాలోనే మిల్వాకీలో. అందరివీ కదిలివెళ్ళిన కుటుంబాలే. ఎరా తేడా ఏమిటంటే ఆమె అక్కడే పుట్టి, అక్కడే పెరిగి, అక్కడి భాషలో పాడి బయటికొచ్చింది. అందుకే కాబోలు మిగతావాళ్ళంత పెద్ద పేరు నిలబడలేదు. ఇంగ్లిష్‌లోకి మారాక "రెడ్రమ్" లాంటివి పాడింది, బాగానే ఉంటాయి, కానీ అలాంటి గొంతులు అక్కడ వంద ఉన్నాయి. "బొన్‌బొన్" ఒక్కటే ఉంది.

వచ్చే నెల నుంచైనా మన సంగీతం రాస్తారా?
– శ్రేయోభిలాషి, విజయవాడ

రాస్తాను. ఈ నెల ఉత్తరం మీద స్టాంపు తక్కువ అతికించారు, అయిదు రూపాయలు నేను కట్టాను.

అమ్మా, మా అమ్మాయికి పదిహేడు. ఈ పిల్లలాగే జుట్టు పొట్టిగా కత్తిరించుకుని రంగు వేయించుకుంది. పాటలు పాడతానంటోంది. మీరేమంటారు?
– ఒక తల్లి, కరీంనగర్

ముందు పాడించి వినండి. శ్రుతి కుదిరితే నాకు రికార్డు చేసి పంపండి. కుదరకపోతే గురువుని వెతకండి. జుట్టు ఆరు నెలల్లో పెరుగుతుంది.

మీ కింది వాటా ఆవిడకి ఎరా అంటే అంత ఇష్టమా? పెద్దావిడ కదా!
– తెనాలి అమ్మమ్మే, రెండో ఉత్తరం

ఇష్టం కాదు, పేచీ. "వాళ్ళమ్మ సుజానా గొంతు ముందు ఇదెంత" అని సాధిస్తుంది. అని మళ్ళీ ఆ పాటే పెడుతుంది. సాయంత్రం నాలుగింటికి పొడుగు పిడి ఉన్న చిన్న ఇత్తడి గిన్నెలో కాఫీ కాస్తుంది. నురుగు పైకి లేవగానే దించుతుంది, మళ్ళీ పెడుతుంది. ఆ గిన్నెని జెజ్వే అంటారు. వడకట్టరు, మడ్డి అడుగున దిగేదాకా కబుర్లే. ఫిల్టర్ కాఫీ పోసి ఇచ్చాను ఒకసారి. తాగి, "పాలు బాగున్నాయి" అంది.

ఒకరోజు తెలుగులో "ఎరా" అంటే ఏమిటని అడిగింది. గాలి కాదమ్మా, మగపిల్లాడిని చనువుగా పిలవడం అని చెప్పాను. తెగ నవ్వింది. ఇప్పుడు మా మనవడికి నాలుగేళ్ళు. వాడు మెట్లు దిగుతుంటే కింది తలుపు తెరుచుకుంటుంది, "ఏరా, హాయ్దె!" అని కేక వినపడుతుంది. హాయ్దె అంటే రా అని. వాడు రెండు భాషలూ అర్థమైనట్టే లోపలికి పరిగెడతాడు.